చేతికి లొంగని బండి

మోటార్‌సైకిల్ చేతికి లొంగకపోతే ఆ సంగతి ముందు హ్యాండిల్‌లోనే తెలుస్తుంది. మూలం మాత్రం చాలాసార్లు హ్యాండిల్‌లో ఉండదు. ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు కాలంలో ఇది ఏటా కనిపించేదే. కొమ్ములు ఉడికించి, ఆరబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పట్టించాక సరుకు చాలావరకు ట్రాక్టర్ల మీద, ఆటోల మీద నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతుంది. మిగిలిన బస్తా, విత్తనపు సంచి, ఎరువు మూట మోటార్‌సైకిల్ వెనక ఎక్కుతాయి. అలా బస్తా కట్టిన బండి పొలం బాటలో నెమ్మదిగా, బుద్ధిగానే వస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి వేగం అరవై దాటగానే హ్యాండిల్ గాల్లో తేలినట్టవుతుంది. లారీ పక్కనుంచి పోతే బండి మొత్తం నాగుపాములా మెలికలు తిరుగుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే హ్యాండిల్ ఇరుసులోని కోన్‌సెట్ బిగిస్తారు, టైరులో గాలి చూస్తారు. ఖాళీ బండిని నడిపి చూస్తే ఏ తేడా ఉండదు. మర్నాడు బస్తా ఎక్కగానే జబ్బు తిరగబెడుతుంది.

ప్రపంచ స్థాయి రేసు బృందాలు కూడా ఇదే జబ్బుతో ఏళ్లకేళ్లు అవస్థపడ్డాయి. ఇటలీలో బొలోన్యా నగరానికి చెందిన డుకాటీ సంస్థ మోటోజీపీ పోటీల్లో 2010 అక్టోబరు 17న ఒక రేసు గెలిచింది. ఆ తర్వాతి గెలుపు 2016 ఆగస్టు 14న. మధ్యలో దాదాపు ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ ఇంజను శక్తికి కొదవ లేదు. డబ్బు ఉంది, పేరున్న రైడర్లు ఉన్నారు. లేనిదల్లా మలుపులో ముందు చక్రం మీద నమ్మకం. ఆ నమ్మకం ఎలా పోయిందో, ఎలా తిరిగి వచ్చిందో తెలియాలంటే రెండు చక్రాల బండి నిలబడే తీరు కొంచెం తెలియాలి.

కుర్చీల కింద ఉండే చిన్న చక్రాలను గమనిస్తే ఒక విషయం అర్థమవుతుంది. కుర్చీని ఎటు లాగితే చక్రం తనంతట తానే అటు తిరిగి వెనక నడుస్తుంది. చక్రం నేలను తాకే చోటు, అది తిరిగే ఇరుసు కంటే వెనక ఉండటమే దానికి కారణం. మోటార్‌సైకిల్ ముందు చక్రానిదీ అదే సూత్రం. హ్యాండిల్ తిరిగే ఇరుసు ఏటవాలుగా ఉంటుంది. ఆ గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. మామూలు బండిలో అది సుమారు 10 సెంటీమీటర్లు. ట్రెయిల్ ఎక్కువైతే బండి నిటారుగా పోతుంది కానీ మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. తక్కువైతే చురుగ్గా తిరుగుతుంది కానీ వేగంలో నిలకడ ఉండదు. తిరిగే చక్రానికి పడిపోకుండా ఉండే స్వభావం ఉంటుందని, బండి నిలకడకు అదొక్కటే కారణమని చాలాకాలం అనుకున్నారు. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించింది. ఆ స్వభావాన్నీ, ట్రెయిల్‌నూ రెండింటినీ తీసేసినా తనంతట తాను నిలబడే సైకిల్‌ను ఆ శాస్త్రవేత్తలు తయారుచేసి చూపారు. బరువు ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందన్నదానికి అంత విలువ ఉందని దానితో తేలింది.

బరువు లెక్క వేసి చూస్తేనే బస్తా చేసే పని తెలుస్తుంది. బండి బరువు 110 కిలోలు, నడిపే మనిషి 65 కిలోలు అనుకుంటే మొత్తం 175. అందులో సుమారు 70 కిలోలు ముందు చక్రం మీద, 105 వెనక చక్రం మీద పడతాయి. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 125 సెంటీమీటర్లు అనుకోవాలి. ఇప్పుడు 50 కిలోల పసుపు బస్తాను వెనక ఇరుసుకు 20 సెంటీమీటర్లు అవతల, క్యారియర్ మీద కట్టారు. బస్తా బరువంతా వెనక చక్రం మీదే పడుతుందనుకుంటే పొరపాటు. అది గునపంలా పనిచేసి ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. ఎంత లేపుతుందంటే 50ని 20తో గుణించి 125తో భాగించాలి: 8 కిలోలు. ముందు 62 మిగులుతుంది, వెనక 163 అవుతుంది. మొత్తం బరువులో ముందు చక్రం వాటా 40 శాతం నుంచి దాదాపు 28 శాతానికి దిగిపోయింది. దీనికి తోడు వెనక షాకప్‌లు కుంగుతాయి, బండి వెనక్కి వాలుతుంది, హ్యాండిల్ ఇరుసు మరింత ఏటవాలు అవుతుంది. హ్యాండిల్‌ను ఎవరూ తాకలేదు, అయినా దాని గుణం మొత్తం మారిపోయింది. అదే బస్తాను సీటు మీదకు, ఇరుసుకు ఇవతలకు జరిపి కడితే ముందు చక్రం తేలదు. ఈ ఒక్క మార్పు కొత్త కోన్‌సెట్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

బండి ఊగడంలో రకాలున్నాయి. వాటిని వేరుచేసి గుర్తుపట్టడమే వైద్యంలో సగం. హ్యాండిల్ మాత్రమే అటూ ఇటూ టకటకా కొట్టుకుంటే, సెకనుకు ఆరు నుంచి పది సార్లు ఊగితే, అది వాబ్లింగ్. కోన్‌సెట్ వదులు కావడం, ముందు టైరు అరుగుదల, చక్రం వంకర, ముందు బరువు తగ్గడం దీనికి కారణాలు. బండి మొత్తం నడుము దగ్గర విరిగినట్టు సెకనుకు రెండు మూడు సార్లు మెల్లగా మెలికలు తిరిగితే అది వేరే జబ్బు. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరగడం, వెనక టైరులో గాలి తగ్గడం, వెనక బరువు పెరగడం దాని మూలాలు. మూడోది రేసు బళ్లలో ఎక్కువ. బండి మలుపులో పూర్తిగా ఒరిగి ఉన్నప్పుడు టైరూ, ఫోర్కూ, ఛాసిస్ కలిసి సెకనుకు దాదాపు ఇరవై సార్లు అదురుతాయి. చూసేవాళ్లకు అది కనిపించదు. రైడర్‌కు మాత్రం చక్రం రోడ్డును వదిలేస్తున్నట్టే ఉంటుంది. రేసు బృందాలు దీన్ని చాటర్ అంటాయి.

రోడ్డు మీద ఒరగడం వేరు, రేసులో ఒరగడం వేరు. మోటోజీపీ రైడర్ మలుపులో బండిని 60 డిగ్రీలకు పైగా వాలుస్తాడు. మోకాలు, మోచెయ్యి నేలను గీసుకుంటూ పోతాయి. ఆ సమయంలో 157 కిలోలకు తగ్గకూడని బండినీ, దాని మీది మనిషినీ పట్టి ఉంచేది రెండు టైర్లు నేలను తాకే చోట్లే. ఒక్కొక్కటి అరచేతి పాటి ఉంటుంది. ఆ వాలులో షాకప్‌లు సగం పనే చేయగలవు. రోడ్డు మీది గతుకు చక్రాన్ని నిట్టనిలువుగా పైకి తోస్తుంది. ఫోర్కు అప్పుడు అడ్డంగా పడుకుని ఉంది కాబట్టి, ఆ తోపులో సగమే దాని దారిన వస్తుంది. మిగిలింది పక్కనుంచి తగులుతుంది. పక్కనుంచి వచ్చే ఆ దెబ్బను పీల్చుకోవలసింది ఛాసిస్, స్వింగ్ ఆర్మ్, ఫోర్కు గొట్టాలే. అవి కొద్దిగా వంగాలి, వంగి మళ్లీ తమ చోటికి రావాలి. అందుకే రేసు బండి ఛాసిస్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకోవడం తప్పు. బ్రేకు వేసినప్పుడు నిలువునా బిగువుగా, ఒరిగినప్పుడు పక్కలకు వెదురు బద్దలా ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒకే లోహపు ముక్కలో కుదర్చడం ఇంజను చేయడం కంటే కష్టమని చెప్పినా అతిశయోక్తి కాదు.

డుకాటీ కథలో ఈ విషయాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. 1926లో పుట్టిన ఆ సంస్థ 2003లో మోటోజీపీలో అడుగుపెట్టి, అదే ఏడాది లోరిస్ కాపిరోసి చేతుల మీదుగా బార్సిలోనాలో మొదటి గెలుపు చూసింది. 2007లో ఇంజను పరిమాణం 800 సీసీకి తగ్గినప్పుడు ఆస్ట్రేలియా కుర్రాడు కేసీ స్టోనర్ డుకాటీ మీద ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అప్పటి బండికి ఇనుప గొట్టాలు అల్లిన ఛాసిస్ ఉండేది. 2009లో దాన్ని తీసేసి కార్బన్ ఫైబర్ పెట్టెలాంటి ఛాసిస్ పెట్టారు. తేలిక, బిగువు రెండూ దక్కాయి. అయితే పక్కలకు వంగే గుణం దాంట్లో తక్కువ. అదే ఏడాది ఇంకో మార్పు వచ్చింది. అప్పటిదాకా టైరు కంపెనీలు పోటీ పడి ఒక్కో బృందానికి తగ్గట్టు టైర్లు చేసి ఇచ్చేవి. 2009 నుంచి అందరికీ బ్రిడ్జ్‌స్టోన్ టైర్లే. బండికి తగ్గ టైరు రోజులు పోయి టైరుకు తగ్గ బండి రోజులు వచ్చాయి. డుకాటీకి దెబ్బ తగిలింది ఇక్కడే. ఆ దెబ్బ లోతు వెంటనే బయటపడకపోవడానికి కారణం స్టోనర్ ప్రతిభ.

అసలు చిక్కు ఇంజను ఆకారంలో ఉంది. డుకాటీ ఇంజనులో నాలుగు సిలిండర్లు రెండు జతలుగా, 90 డిగ్రీల కోణంలో ఉంటాయి. వెనక జత నిటారుగా నిలబడుతుంది, ముందు జత దాదాపు అడ్డంగా ముందు చక్రం వైపు చాచుకుని ఉంటుంది. వణుకు లేకుండా తిరగడానికి ఆ కోణం ఎంతో మంచిది. కానీ ముందుకు చాచిన సిలిండర్లకూ ముందు చక్రానికీ మధ్య చోటు మిగలదు. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు కుంగి చక్రం వెనక్కి, పైకి వస్తుంది. దానికి, రేడియేటర్‌కు దారి వదలాలంటే ఇంజనును వెనక్కి జరిపి పెట్టక తప్పదు. బండిలో అన్నిటికంటే బరువైన భాగం ఇంజను. అది వెనక్కి పోతే పసుపు బస్తా క్యారియర్ మీదకు పోయినట్టే, తేడా కొలతల్లో మాత్రమే. రేసు బండిలో బరువు సుమారు సగం, ఒక్కోసారి సగానికి కాస్త ఎక్కువే ముందు చక్రం మీద పడేలా చూసుకుంటారు. అక్కడ ఒకటి రెండు శాతాల తేడా కూడా రైడర్ చేతికి తెలుస్తుంది.

2010లో స్టోనర్ మూడు రేసులు గెలిచాడు, కానీ ముందు టైరు జారి చాలాసార్లు పడ్డాడు. ఏ హెచ్చరికా ఇవ్వకుండా ముందు చక్రం కిందినుంచి తప్పుకోవడం ఆ బండి గుణం అయిపోయింది. స్టోనర్ బ్రేకులతో ముందు చక్రాన్ని గట్టిగా తొక్కిపట్టి, తర్వాత వెనక చక్రాన్ని యాక్సిలరేటర్‌తో జార్చి బండిని తిప్పేవాడు. ముందు చక్రం చేయని పనిని వెనక చక్రంతో చేయించేవాడు. ఇది అందరికీ వచ్చే విద్య కాదు. ఒక్కరు గెలుస్తున్నంత కాలం బండి బాగానే ఉందని బృందం అనుకోవడం సహజం. డుకాటీ ఇంజనీర్ల తొలి పొరపాటు ఇదే.

2011లో స్టోనర్ హోండాకు వెళ్లాడు. ఆ చోటుకు వాలెంటీనో రోస్సీ వచ్చాడు. అప్పటికే అన్ని తరగతుల్లో కలిపి తొమ్మిది ప్రపంచ టైటిళ్లు గెలిచినవాడు. ఇటలీ రైడర్, ఇటలీ బండి కావడంతో ఆ దేశమంతా పండగ చేసుకుంది. రోస్సీ పద్ధతి స్టోనర్‌కు పూర్తిగా వేరు. ముందు చక్రం ఏం చెబుతోందో చేతులతో వింటూ, దాన్ని నమ్మి మలుపులోకి దిగుతాడు. డుకాటీ ముందు చక్రం ఏమీ చెప్పేది కాదు. ఆ ఏడాది మే నెలలో ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో వచ్చిన మూడో స్థానం తప్ప మరో పోడియం దక్కలేదు. ఏడాది చివర చాంపియన్‌షిప్‌లో ఏడో స్థానం. హోండాకు వెళ్లిన స్టోనర్ అదే ఏడాది ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2012లో రోస్సీకి రెండు రెండో స్థానాలు వచ్చాయి, ఒకటి లె మాన్ వానలో, ఇంకోటి మిజానోలో. చివరికి ఆరో స్థానం. రెండేళ్లలో ఒక్క గెలుపు లేదు.

బృందం చేతులు ముడుచుకుని కూర్చోలేదు, చేయని మార్పు లేదు. 2011 జూన్‌లో అసెన్ రేసుకు మరుసటి ఏడాది ఛాసిస్‌ను ముందే తెచ్చి 800 సీసీ ఇంజనుకు బిగించారు. సెప్టెంబరులో స్పెయిన్‌లోని అరగాన్‌లో కార్బన్ ముందు భాగానికి బదులు అల్యూమినియం ముక్క వేశారు. 2012కి జపాన్ బళ్ల పద్ధతిలో ఇంజనును రెండు పక్కలా చుట్టే అల్యూమినియం ఛాసిస్‌తో కొత్త బండి దింపారు. ఫోర్కులు, స్వింగ్ ఆర్మ్‌లు ఎన్నిసార్లు మారాయో. ఒక్కో మార్పుతో కొంత మెరుగైంది, జబ్బు మాత్రం పోలేదు. ఇంజను మాత్రం అదే 90 డిగ్రీల రూపంలో ఉంది. దాని చుట్టూ ఉన్నవన్నీ మారాయి. షెడ్డులో కోన్‌సెట్, ఫోర్కు ఆయిల్, టైరు వరసగా మార్చి, బస్తాను మాత్రం క్యారియర్ మీదనే ఉంచడం లాంటిదే ఇది. అయితే ఇంజనీర్లను పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు. ఇంజనును తిప్పి పెట్టాలంటే దాని పెట్టె, గేర్లు, గాలి దారి, నూనె దారి అన్నీ కొత్తగా గీయాలి. సీజనుకు వాడదగ్గ ఇంజన్ల సంఖ్యకు, పరీక్షలకు నియమాలు హద్దులు పెట్టాయి. వారం వారం రేసులు నడుస్తూ ఉండగా పునాది తవ్వడం ఎంత పేరున్న బృందానికైనా కష్టమే.

ఇంకో చిక్కు ఉంది. రేసు బృందంలో బండి సంగతి చెప్పగలిగేది ఒక్క రైడరే. కొలమానాలు చక్రం వేగం, ఫోర్కు కదలిక, వాలు కోణం చెబుతాయి. టైరు జారబోతోందన్న ఆ క్షణం ముందరి సూచన చేతికి అందిందో లేదో చెప్పలేవు. అది మనిషి మాటల్లోనే రావాలి. రైడర్ ‘ముందు తెలియడం లేదు’ అంటాడు. ఆ మాటను స్ప్రింగ్ బిగువుగా, ఛాసిస్ మందంగా, మిల్లీమీటర్ల లెక్కగా మార్చుకోవాల్సింది ఇంజనీర్లు. డాక్టరు రోగి చెప్పే నొప్పిని మందుగా మార్చడం లాంటి పని అది. ఆ మాట ట్రాక్ పక్క గ్యారేజీ నుంచి బొలోన్యా కర్మాగారంలో గీతలు గీసేవారి దాకా చేరాలి. డుకాటీలో పరీక్షలు చేసే విభాగానికీ, రేసుల్లో తిరిగే బృందానికీ మధ్య దూరం చాలా ఎక్కువగా ఉండేదని తర్వాత వచ్చిన మార్పులను బట్టి తెలుస్తుంది.

2012లో డుకాటీ ఆడి సంస్థ చేతికి వెళ్లింది. రోస్సీ 2013కి యమహాకు తిరిగిపోయి, ఆ జూన్‌లోనే అసెన్‌లో గెలిచాడు. రోస్సీకి వయసు మళ్లిందని అంతకుముందు అన్నవారికి అదే జవాబు. 2013లో డుకాటీ ఒక్క పోడియం కూడా ఎక్కలేదు. అదే ఆ సంస్థకు అట్టడుగు. ఆ ఏడాది చివర అప్రీలియా నుంచి జీజీ డాల్ ఇన్యా సాంకేతిక అధిపతిగా వచ్చాడు. డాల్ ఇన్యా తొందరపడి కొత్త బండి గీయలేదు. 2014 అంతా పాత బండినే కొద్ది కొద్దిగా సరిదిద్దుతూ, కర్మాగారానికీ ట్రాక్‌కూ మధ్య మాట కుదిర్చాడు. ఆండ్రియా డొవిజియోజో ఆ ఏడాది అమెరికాలో మూడో స్థానం, అసెన్‌లో రెండో స్థానం సాధించాడు. అసలైన కొత్త బండి 2015లో వచ్చింది. అందులో ఇంజను చిన్నదైంది. దాన్ని వెనక్కి తిప్పి పెట్టారు. ముందుకు చాచిన సిలిండర్లు కాస్త పైకి లేచాయి, చక్రానికి చోటు దొరికింది, బరువును కోరిన చోట పెట్టే వీలు కుదిరింది. సీజన్ తొలి రేసులోనే, ఖతార్‌లో, డొవిజియోజో రెండు, ఆండ్రియా యన్నోనే మూడు. 2016 ఆగస్టు 14న ఆస్ట్రియాలో యన్నోనే గెలిచాడు. తొంభై డిగ్రీల కోణం అలాగే ఉంది. కోణాన్ని వదులుకోకుండానే ఇంజనును తిప్పి పెట్టవచ్చునన్న ఆలోచన కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది, దాన్ని అమలు చేయడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

ముందు చక్రాన్ని నేలకు అదిమి ఉంచడానికి డుకాటీ గాలిని కూడా వాడుకుంది. 2015 నుంచి బండి ముక్కు పక్కల చిన్న రెక్కలు మొలిచాయి. విమానం రెక్క పైకి లేపితే ఇవి కిందికి నొక్కుతాయి. ఇప్పుడు మోటోజీపీలో రెక్కలు లేని బండి లేదు. వేగంలో ముందు చక్రం తేలకుండా ఉండటానికి బస్తాను ముందుకు జరపడం ఒక దారి అయితే, గాలినే బస్తాగా చేసుకోవడం ఇంకో దారి.

భారతదేశపు బృందం ఒకటి ఈ కష్టాన్ని చిన్న తరగతిలో అనుభవించింది. మహీంద్రా సంస్థ 2011లో 125 సీసీ ప్రపంచ పోటీల్లో దిగింది. ప్రపంచ గ్రాండ్ ప్రీ పోటీల్లో బండి తయారుచేసి దింపిన మొదటి భారతీయ సంస్థ అది. తెలంగాణలో ఆ పేరు వింటే జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ గుర్తుకు వస్తుంది. 2011 చివరి రేసులో, వాలెన్సియాలో, డానీ వెబ్ మహీంద్రా బండి మీద పోల్ పొజిషన్ సాధించాడు. 125 సీసీ తరగతికి అదే ఆఖరి రేసు. మరుసటి ఏడాది నాలుగు స్ట్రోకుల 250 సీసీ మోటో3 తరగతి మొదలైంది. కొత్త బండి వెనకబడింది. మహీంద్రా అక్కడ మంచి నిర్ణయం తీసుకుంది. ఉన్న బండికి అతుకులు వేయడం మాని, 2013కి స్విట్జర్లాండ్‌లోని సూటర్ సంస్థతో కలిసి బండిని మొదటినుంచి కొత్తగా కట్టించింది. ఆ ఏడాది మలేసియాలోని సెపాంగ్‌లో మిగెల్ ఒలివేరా మూడో స్థానంలో నిలిచాడు. ప్రపంచ పోటీల్లో భారతీయ బండి ఎక్కిన మొదటి పోడియం అది. 2016 జూన్ 26న అసెన్‌లో ఇటలీ కుర్రాడు ఫ్రాంచెస్కో బన్యాయా మహీంద్రాకు తొలి విజయం తెచ్చాడు. ఆ ఏడాదే సెపాంగ్‌లో మరోసారి గెలిచాడు. చెక్ దేశంలో బ్రనో వానలో అదే బండి మీద హోర్హే మార్టిన్ రెండో స్థానం సాధించాడు. 2017 తర్వాత మహీంద్రా ఆ పోటీలనుంచి తప్పుకుని ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ మీద దృష్టి పెట్టింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ఆ కార్లు పరుగెత్తాయి. మోటార్‌సైకిల్ విభాగం అలా మూసుకుపోవడం బాధగానే ఉంటుంది. ఎందుకంటే ఆ బండి మీద పాఠాలు నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు తర్వాత మోటోజీపీ ప్రపంచ చాంపియన్లయ్యారు. 2022, 2023లో బన్యాయా, 2024లో మార్టిన్. ఇద్దరూ గెలిచింది డుకాటీ మీదే. స్టోనర్ తర్వాత డుకాటీకి రైడర్ టైటిల్ రావడానికి 15 ఏళ్లు పట్టింది.

డుకాటీ బాగుపడుతున్న కాలంలోనే ఆ జబ్బు హోండాకు పాకింది. మార్క్ మార్కెజ్ 2013 నుంచి 2019 లోపు ఆరు మోటోజీపీ టైటిళ్లు హోండాకు తెచ్చాడు. ముందు చక్రం జారిపోతున్నా మోకాలితో, మోచేతితో నేలను తోసి లేపి నిలబెట్టేవాడు. బండి ఏళ్ల తరబడి అతని చేతికి తగ్గట్టు మారుతూ పోయింది. 2020లో హెరెజ్‌లో కుడి చెయ్యి విరిగి అతను తప్పుకోగానే, ఆ బండిని మిగతావాళ్లెవరూ నడపలేకపోయారు. స్టోనర్ కాలపు డుకాటీ పొరపాటే ఇది, ఇంకా పెద్ద ఎత్తున. 2022 జర్మనీ రేసులో హోండాకు ఒక్క పాయింటు రాలేదు, 1982 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2023లో జర్మనీకి చెందిన కాలెక్స్ సంస్థ చేత ఛాసిస్ చేయించుకుని చూశారు. ఆ ఏడాది చివర మార్కెజ్ హోండాను వదిలి డుకాటీ వైపు వచ్చేశాడు.

రేసు బృందాలు వెతికే పద్ధతికీ మంచి మెకానిక్ పద్ధతికీ పెద్ద తేడా లేదు. ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చాక నడిపి చూడాలి. తర్వాత పాతది తిరిగి పెట్టి మళ్లీ నడపాలి. పాతది పెట్టగానే జబ్బు తిరిగొస్తేనే మార్పు నిజమైనది. ఈ మూడో అడుగు చాలామంది వేయరు, కొత్త ముక్క బిగించాక కొంత బాగున్నట్టు అనిపిస్తే అక్కడే ఆగుతారు. ఆర్మూరు బండికైనా వరస ఇదే. ముందు రెండు టైర్లలో గాలి, అరుగుదల. తర్వాత ముందు చక్రాన్ని పైకి లేపి, ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ గుంజి కోన్‌సెట్ వదులు చూడాలి. హ్యాండిల్‌ను మెల్లగా తిప్పితే నడిమధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే దాని పళ్లేలు అరిగాయని అర్థం. బిగిస్తే అది పోదు, మార్చాలి. అతిగా బిగిస్తే జబ్బు ఇంకా ముదురుతుంది. తర్వాత వెనక చక్రాన్ని పక్కలకు ఊపి స్వింగ్ ఆర్మ్ బుష్‌లు చూడాలి. చైన్ బిగించినప్పుడు రెండు పక్కలా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే బండి ఒక పక్కకు గుంజుతుంది. అన్నీ సరిగా ఉండి, బరువుతో మాత్రమే వణుకు వస్తే, తప్పు బస్తా కట్టిన చోటుదే. దారిలో వణుకు మొదలైతే హ్యాండిల్‌ను బిగించి పట్టడం, హఠాత్తుగా బ్రేకు తొక్కడం ప్రమాదం. యాక్సిలరేటర్ మెల్లగా తగ్గిస్తూ, ఒంటిని కాస్త ముందుకు వంచి, బండిని దానంతట అది కుదురుకోనివ్వాలి.

2025లో డుకాటీలో పాత ప్రశ్న కొత్త రూపంలో తిరిగి లేచింది. ఒకే గ్యారేజీలో మార్కెజ్, బన్యాయా. సెప్టెంబరు 28న జపాన్‌లోని మోటెగిలో మార్కెజ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. పక్కనే ఉన్న బన్యాయా ఆ సీజన్ అంతా ముందు చక్రం మీద నమ్మకం కుదరడం లేదని చెబుతూనే ఉన్నాడు. మోటెగిలో మాత్రం శనివారపు చిన్న రేసు స్ప్రింట్, ఆదివారం రేసు రెండూ బన్యాయానే గెలిచాడు. జబ్బు కుదిరిందని అందరూ అనుకున్నారు. వారం తిరిగేసరికి ఇండోనేషియాలోని మండాలికలో బాగా వెనకబడి, రేసు మధ్యలో పడిపోయాడు.